నొప్పి తెలియని చేతులు

అన్నము కలిపి ముద్ద చేయునప్పుడు చేతివ్రేళ్లు ఏ తీరున నిలుచునో గమనించువారు అరుదు. వ్రేళ్లు అరచేతితో కలియు చోట వంగును. వానిపైనున్న కణుపులు రెండును ఇంచుమించు చక్కగనే యుండును. బొటనవ్రేలు ముందునకు వచ్చి తక్కిన నాల్గింటి కొనలను కలిసికొనును. కలము పట్టినను, నల్లబల్లపై సుద్దముక్కతో వ్రాసినను, సూదిలో దారము ఎక్కించినను కొద్దిపాటి భేదముతో ఇదే భంగిమ. పిడికిలి బిగించి కొమ్మను పట్టుకొనుట కోతికిని తెలియును. సన్నని వస్తువును కొనవ్రేళ్లతో తీసికొని, ఎంత గట్టిగా పట్టవలెనో అంతే గట్టిగా పట్టుట మానవుని చేతికి అబ్బిన విద్య.

ఈ విద్యకు ఆధారమైన అమరిక విచిత్రమైనది. మణికట్టు మొదలు వ్రేలి కొన వరకు ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు కలవు: మణికట్టున 8, అరచేతిలో 5, వ్రేళ్లలో 14. అయినను వ్రేళ్లను ముడుచు, చాచు బలమైన కండరములు వ్రేళ్లలో లేవు. మోచేతికి దిగువను ముంజేతిలో ఉన్నవి. వానినుండి తెల్లని త్రాళ్లవంటి స్నాయువులు బయలుదేరి, గిలకపై చేదత్రాడు జారినట్లు మణికట్టున జారుచు వ్రేళ్ల వరకు పోవును. ఎడమచేతితో కుడి ముంజేతిని పట్టుకొని, కుడిచేతి వ్రేళ్లను ముడిచి చాచి చూచినచో, చర్మము క్రింద ఆ కండరములు పొంగి తగ్గుట చిన్న తరగతి విద్యార్థికి సైతము తెలియును.

ఈ పెద్ద కండరములకు తోడు అరచేతిలో కొన్ని చిన్న కండరములు కలవు. ఎముకల నడుమ ఇమిడియున్నవి ఏడు. స్నాయువులను అంటిపెట్టుకొనియున్నవి నాలుగు. బొటనవ్రేలి మొదట గుబ్బవలె కనిపించునవి వేరు. ఇవి కొలతకు చిన్నవే కాని ముంజేతి కండరముల తగవు తీర్చు పెద్దమనుషులు ఇవియే. ఇవి చచ్చుబడినచో, వెనుకనుండి లాగు స్నాయువు వ్రేలి మొదటి కీలును వెనుకకు వంచును. ముందునుండి లాగు స్నాయువు కొనకణుపులను లోనికి ముడుచును. వ్రేలు గ్రద్దగోరువలె కొంకిపోవును. అట్టి చేతితో కొమ్మ పట్టవచ్చును, బరువు మోయవచ్చును. అన్నము ముద్ద చేయుట సాధ్యము కాదు.

ఆ చిన్న కండరములలో పెక్కింటికి ఆజ్ఞలు కొనిపోవునది అల్నార్ అను నరము. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెనవ్రేలి వరకు జివ్వుమనునది ఇదియే. మోచేతి లోపలివైపు ఎముక వెనుక నొక గాడిలో, చర్మమునకు మిక్కిలి దాపుగా ఇది పోవుచున్నది. బొటనవ్రేలిని ముందునకు తెచ్చు కండరములకు ఆధారము మీడియన్ నరము. అది మణికట్టునకు కొంచెము ఎగువను పైకి తేలివచ్చును. చేతి వెనుకభాగపు కండరములను నడపు రేడియల్ నరము మూడవది. ఈ మూడు నరముల దారులును తెలిసినవానికే తరువాతి కథ అర్థమగును.

యాత్రాస్థలముల మెట్లపై కొంకిపోయిన చేతులు చాచు కుష్ఠురోగులను చూడని తెలుగువాడు ఒకప్పుడు ఉండెడివాడు కాడు. కుష్ఠు మాంసమును తినివేయుననియు, వ్రేళ్లు కుళ్లి రాలిపోవుననియు ప్రజలు నమ్మిరి. వైద్యులును చాలవరకు అట్లే నమ్మిరి. సుశ్రుతుడు కుష్ఠలక్షణములలో స్పర్శహానిని పేర్కొనియే యున్నాడు. నార్వే వైద్యుడు హాన్‌సెన్ 1873లో రోగకారకమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1940 తరువాత సల్ఫోను మందులు వచ్చి, ఆ సూక్ష్మజీవిని చంపుట సాధ్యమయ్యెను. కాని మందుతో రోగము కుదిరినవాని చేయి కొంకిగనే యుండెను. ఆ చేతిని చూచి లోకము వానిని రోగి యనియే పిలిచెను. చెడిన మాంసముపై కత్తి పెట్టినచో గాయము మానదన్న భయముతో శస్త్రవైద్యులు ఆ వంకకే పోలేదు. విరిగిన ఎముకకు, వంకరపోయిన కాలికి పేరుమోసిన వైద్యులు ఎందరో యుండగా, లక్షలాది చేతులను ముడిచివేసిన ఈ రోగమును అడిగి చూచిన ఎముకల వైద్యుడు ఒక్కడును లేకపోవుట వైద్యచరిత్రలో సిగ్గుపడదగిన సంగతి.

ఆ ప్రశ్న అడిగిన మనిషి పాల్ బ్రాండు. తమిళదేశమున కొల్లిమలలో మతప్రచారకుల యింట 1914లో జన్మించిన ఆంగ్లేయుడు. తొమ్మిదవ యేట చదువుకొరకు ఇంగ్లండునకు పంపబడెను. వైద్యవిద్యలో చేరుటకు ముందు కొన్ని సంవత్సరములు వడ్రంగము, ఇండ్లు కట్టుపని నేర్చెను. కొయ్య ఎంత బరువు మోయును, త్రాడు ఎంత లాగును అన్న కొలతలు ఆయన చేతులకు అప్పుడే పట్టువడెను. పిమ్మట లండనులో వైద్యము చదివి, జర్మను విమానములు ఆ నగరముపై బాంబులు కురిపించిన దినములలో శస్త్రచికిత్సలు చేసి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చెను. తెలుగువారు రాయవేలూరని పిలుచు ఈ పట్టణము చిత్తూరునకు కొలదిదూరముననే యున్నది. రాయలసీమనుండియు నెల్లూరు సీమనుండియు రోగులు తరతరములుగ అచటికి పోవుచున్నారు.

1947లో కుష్ఠువైద్య నిపుణుడు డాక్టరు రాబర్టు కాక్రేను బ్రాండును చెంగల్పట్టు సమీపమున తిరుమణిలోనున్న లేడీ విల్లింగ్డన్ వైద్యశాలకు తీసికొనిపోయెను. తోటలో, వరండాలలో పనిచేసికొనుచున్న రోగుల చేతులనే బ్రాండు చూడసాగెను. ఈ చేతులు ఇట్లేల అయినవని ఆయన అడుగగా, తాను చర్మవైద్యుడననియు, ఎముకలు కండరములు తెలిసినవారెవరును ఇంతవరకు ఈ చేతులను పరీక్షింపలేదనియు కాక్రేను బదులు చెప్పెను. అప్పుడు బ్రాండు ఒక రోగి కొంకిచేతిలో తన చేతినుంచి, చేతనైనంత గట్టిగా నొక్కుమనెను. పీనుగు చేతివంటి బలహీనత నెదురుచూచినవానికి ఇనుప పట్టుకారులో చేయి పడినట్లయ్యెను. రోగి గోళ్లు చర్మములో దిగెను. బ్రాండు బాధతో ఆపుమనవలసి వచ్చెను. తాను ఎదుటివానిని నొప్పించుచున్నట్లు ఆ రోగికి తెలియనే లేదు.

ఆ క్షణమున రెండు సత్యములు ఒక్కచేతిలోనే కనిపించినవి. ఒకటి, ముంజేతి కండరములు చెక్కుచెదరక యున్నవి. రెండవది, ఆ చేతికి తన బలము తనకు తెలియదు. మొదటిదాని విలువ బ్రాండునకు వెంటనే తెలిసెను. రెండవదాని విలువ తెలియుటకు కొన్ని సంవత్సరములు పట్టెను.

ఆయనయు సహచరులును వందలకొలది రోగుల చేతులను, పాదములను ఒక్కొక్క కండరము చొప్పున పరీక్షించిరి. చచ్చుబడు కండరములు అందరిలోను ఇంచుమించు ఒకే వరుసలో నుండెను. కుళ్లుటయే కారణమైనచో ఇట్టి క్రమము ఉండదు. ఒక రాత్రి, మరణించిన యొక రోగి శరీరమున నరములను మొదటినుండి తుదివరకు విప్పి చూచు అవకాశము లభించెను. నరములు అంతటను ఒకేరీతిగా చెడియుండలేదు. మోచేతికి ఎగువను, మణికట్టునొద్దను, మోకాటి ప్రక్కను, చీలమండయొద్దను మాత్రము ఉబ్బి గట్టిపడియుండెను. ఆ చోటులన్నియు నరము చర్మమునకు దాపుగా వచ్చు తావులే. అవి శరీరములోపలి భాగములకంటె చల్లగా నుండును. కుష్ఠుకారక సూక్ష్మజీవి చల్లని చోటులనే కోరును. ముంజేతి కండరములకు పోవు శాఖలు చాలవరకు ఈ తావులకు ముందే చీలిపోవుటచేతను, రేడియల్ నరము సాధారణముగా తప్పించుకొనుటచేతను, ఆ పెద్ద కండరములు బ్రదికియున్నవి. కరచాలనమున తెలిసిన బలమునకు కారణమిది.

కారణము తెలిసిన పిమ్మట మార్గమును దొరకెను. ప్రతి వ్రేలికిని దానిని ముడుచు స్నాయువులు రెండు కలవు: ఒకటి నడిమి ఎముక వరకు, ఒకటి కొన ఎముక వరకు. వానిలో నొకదానిని తీసికొనినను వ్రేలు ముడుచుట ఆగదు. ఆ స్నాయువును విడదీసి, చీల్చి, చచ్చుబడిన చిన్నకండరము పోవు దారిననే నడపి, వ్రేళ్ల వెనుకనున్న పొరకు కుట్టినచో, అది ఇకమీదట మొదటి కీలును వంచి కొనకణుపులను చాచును. పోలియో రోగులకును, యుద్ధమున గాయపడినవారికిని ఇట్టి చికిత్సలు అదివరకే కలవు; కుష్ఠురోగి చేతికి వానిని తగినట్లు మార్చి, వరుసగా పరీక్షించి చూచుట వేలూరున జరిగెను. ఉంగరపువ్రేలి స్నాయువును మరలించి బొటనవ్రేలికి కట్టినచో అది తక్కిన వ్రేళ్లకు ఎదురుగా వచ్చి నిలుచును. తరువాతి కాలమున బ్రాండు మణికట్టును పైకెత్తు కండరమునే ఈ పనికి వినియోగించెను. దాని స్నాయువు పొట్టిదగుటచేత, పిక్కలోనుండి తీసిన సన్నని స్నాయువును దానికి అతికి పొడిగించెను. ఆ పిక్క స్నాయువు లేకున్నను నడకకు లోటు లేదు. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. ప్రకృతి ఇట్టి విడిభాగమును దాచియుంచుట శస్త్రవైద్యునకు గొప్ప ఉపకారము.

కుట్టుటకంటె కష్టమైనది బిగువు. ఎక్కువ బిగించినచో వ్రేలు ముడుచుకొనదు. వదులైనచో పాత కొంకి మరల వచ్చును. స్నాయువు మెత్తని పొరలో జారవలెను. చుట్టునున్న కణజాలమునకు అంటుకొన్నచో శ్రమ అంతయు వృథా. ఇక్కడ వడ్రంగము నేర్చిన చేతులు అక్కరకు వచ్చెను.

1948లో తొలి చికిత్సలు జరిగినవి. కుష్ఠురోగిని చేర్చుకొనినచో తక్కిన రోగులు పారిపోవుదురను భయము అప్పటి వైద్యశాలలన్నింటను ఉండెను. ఒక పాత సామాను కొట్టు చేతిచికిత్సకు గదియయ్యెను. మూడు వారముల పిదప కట్టు విప్పిన నాడు కథ ముగియదు. ఇంతకాలము వ్రేలిని ముడుచుటకు అలవడిన కండరము ఇప్పుడు దానిని చాచవలెను. మెదడు ఆ క్రొత్త పాఠమును నేర్వవలెను. మైనముతో, మట్టితో, కొయ్యముక్కలతో దినదినమును అభ్యాసము సాగును. ఒకనాడు రోగి ఇరువది సంవత్సరముల తరువాత అన్నమును తన వ్రేళ్లతో కలిపి నోటికి చేర్చును.

ఇంతటితో సుఖాంతమైనచో కథ మామూలుదే. కాని బాగుపడిన తొలిరోగులలో నొకడు తిరిగి వచ్చి మొరపెట్టుకొనెను: చేతులు చక్కబడినవి, భిక్షము తగ్గినది; మొగమున మచ్చలు చూచి పని యిచ్చువాడు లేడు, వ్రేళ్లు చూచి కాసు వేయువాడును లేడు. శస్త్రవైద్యము పాఠ్యగ్రంథములలో ఇట్టి చిక్కునకు జవాబు లేదు. అందుచేత కళాశాల ఆవరణమున కొన్ని మట్టి ఇండ్లతో నవజీవన కేంద్రము వెలసెను. చికిత్స పొందినవారు అచట వడ్రంగము మొదలగు చేతిపనులు నేర్చిరి. నేర్పినవారిలో బ్రాండు స్వయముగా నొకడు.

అసలు ప్రశ్న ఆ పనిశాలలోనే తల ఎత్తెను. చక్కచేసిన చేతులు మరల గాయములతో వచ్చుచుండెను. రోగము మరల తిరుగబెట్టెనా? పరీక్షలలో సూక్ష్మజీవి లేదు. అప్పటినుండి ప్రతి గాయమునకును కారణము వెదకుట నియమమయ్యెను. ఒకని బొబ్బకు కారణము పొయ్యిపైనుండి దింపిన గిన్నె. మరొకని పుండునకు కారణము సుత్తిపిడిలోని పేడు. ఇంకొకడు పనిముట్టును అవసరమునకు మించి బిగించి పట్టుటచే చర్మము చిట్లెను. కొందరి వ్రేలిముక్కలు తెల్లవారుసరికి మాయమగుట ఏ విధముననో తెలియక, రాత్రి కావలి యుంచి చూచిరి. నిదురించువాని చేతిని ఎలుక కొరుకుచుండెను. అతడు కదలనైనను లేదు. మందులకు లొంగని ఆ రోగమునకు చికిత్స పిల్లి. నాటినుండి ఇంటికి పోవు రోగికి పిల్లినొకదానిని తోడిచ్చి పంపుట ఆచారమయ్యెను.

మరొకనాడు తుప్పుపట్టిన తాళము బ్రాండు ఎంత త్రిప్పినను రాలేదు. ప్రక్కనున్న యొక బాలుడు చొరవతో తాళపుచెవి తీసికొని ఒక్క మారు త్రిప్పి తెరచెను. నేలపై రక్తపుబొట్టు పడెను. పిల్లవాని చూపుడువ్రేలు ఎముక కనిపించునంతగా కోసికొనిపోయి యున్నది. అది అతనికి తెలియదు. పెద్దవాని చేతికి లేని బలము ఆ బాలునికి ఎచటిదని ఆశ్చర్యపడ నక్కరలేదు. పెద్దవానిని నొప్పి ఆపినది. పిల్లవానిని ఆపునది లేదు.

వ్రేళ్లను కుష్ఠు తినుట లేదు. నొప్పి లేని మనిషి తన వ్రేళ్లను తానే దినమునకింత అరగదీసికొనుచున్నాడు. పాదముల విషయమును ఇట్టిదే. ఆరోగ్యవంతుడు మైలు దూరము నడచుసరికి తనకు తెలియకయే అడుగు మార్చును. బరువును మడమనుండి ప్రక్కకు, ప్రక్కనుండి వ్రేళ్లకు త్రిప్పును. నొప్పి తెలియని పాదము ఒకే చోట ఒకే రీతిని వేలమార్లు నేలను తాకి, తుదకు అచటనే పుండగును. అందుకు మందుకంటె చెప్పు ముఖ్యమని వేలూరు వైద్యులు గ్రహించిరి. మెత్తని సూక్ష్మరంధ్రముల రబ్బరుతో అట్ట వేసిన చెప్పులు ఆ కృషి ఫలమే, ఎం.సి.ఆర్. చెప్పులను పేరుతో నేటికిని కుష్ఠుకేంద్రములలో పంచుచున్నారు.

1952లో లండనులోని రాయల్ శస్త్రవైద్య కళాశాలయందు హంటర్ స్మారకోపన్యాసముగా బ్రాండు ఈ అనుభవమును వివరించెను. వేలూరునకు సమీపమున కరిగిరిలో కుష్ఠుపరిశోధన కేంద్రము వెలసి, దేశవిదేశముల వైద్యులకు ఈ చికిత్సను నేర్పెను. ఆ తరమువారిలో డాక్టరు మేరీ వర్గీసు కథ వేరుగా చెప్పదగినది. 1954 జనవరిలో జరిగిన మోటారు ప్రమాదమున ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము దిగువ చచ్చుబడెను. నిలువలేని వైద్యురాలు కూర్చుండియే చేయదగిన శస్త్రచికిత్స చేతిచికిత్స యని బ్రాండు ప్రోత్సహింపగా, ఆమె చక్రాలకుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులను చక్కచేసెను. తరువాత వేలూరున అంగవైకల్య పునరావాస విభాగమునకు మూలస్తంభమై, 1972లో పద్మశ్రీ పొందెను. కాళ్లలో నొప్పి తెలియని వైద్యురాలు చేతులలో నొప్పి తెలియని రోగులకు కత్తి పట్టుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని అది ఆ రోగులకు కలిగించిన ధైర్యము యాదృచ్ఛికము కాదు.

1966లో బ్రాండు అమెరికాలో లూసియానా రాష్ట్రమున కార్విల్ కుష్ఠువైద్యశాలకు పోయెను. అచట ఆయన తలపెట్టిన పని వినుటకు వింతగా నుండును: నొప్పిని తయారుచేయుట. చేతితొడుగులలో, మేజోళ్లలో ఒత్తిడిని కొలుచు సాధనములమర్చి, ఒత్తిడి మితిమీరినప్పుడు చెవిలో మ్రోత వచ్చునట్లు చేసిరి. రోగులు మ్రోత విని, పని మానలేదు. దీపము వెలిగించి చూచిరి, ఫలము లేదు. తుదకు నొప్పి తెలియు చోట విద్యుద్ఘాతము తగులునట్లు చేసిరి. రోగి మీటను కట్టివేసి, చేయరాని పనిని పూర్తిచేసికొని, మరల మీటను తెరచెను. సంవత్సరముల శ్రమ తరువాత ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి. మీట మనిషి చేతిలో లేకపోవుటయే నొప్పికి గల మహిమ. ఆ ప్రయోగమువలన యంత్రము రాలేదు కాని, నొప్పిని శత్రువుగా తలచువారికి ఇంతకంటె గట్టి సమాధానము వేరొకటి లేదు.

బ్రాండు 2003లో మరణించెను. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు నేడు ఆరు నెలలలోనో, పండ్రెండు నెలలలోనో కుదురును, మందులు ఉచితము. 1898 నాటి కుష్ఠురోగుల చట్టమును 2016లో పార్లమెంటు రద్దుచేసెను. అయినను భారతదేశమున ఏటేట లక్షకు చేరువగా క్రొత్త రోగులు బయటపడుచున్నారు. స్పర్శ లేని మచ్చను దాచుకొని ఆలస్యము చేసినవారి చేతులే నేటికిని కొంకిపోవుచున్నవి. ఆంధ్రదేశమున సాలూరు కుష్ఠువైద్యశాల వంటి చోటుల స్నాయువులు మార్చు చికిత్స జరుగుచునే యున్నది. తరగతిలో ఒక బాలుని చిటికెనవ్రేలు వంగి, కలము జారిపోవుచున్నచో, వానిని మందలించుటకు ముందు ఆ చేతిని పరీక్షింపించుట ఉపాధ్యాయులకు కష్టమైన పని కాదు.

వేలూరున నేర్చిన పాఠము అనుకోని మరొక రోగమునకును అక్కరకు వచ్చెను. మధుమేహము ముదిరినవారి పాదములలో నరములు చెడి, నొప్పి తెలియకపోవును. చెప్పులోని గులకరాయితో దినమంతయు నడచి, రాత్రి మేజోడుపై రక్తము చూచువరకు ఎరుగనివారు నేడు ప్రతి ఊరను కలరు. పుండుపడిన పాదమునకు బరువు అంతటను సమముగా పంచబడునట్లు ఒంటికంటిన పిండికట్టు వేయు పద్ధతి కుష్ఠుచికిత్సనుండియే మధుమేహ చికిత్సకు వచ్చెను. స్పర్శ పరీక్షయును అట్టిదే. వైద్యుడు ఒక నైలాను పోగును పాదముపై ఆనించి నొక్కును; 10 గ్రాముల ఒత్తిడికి అది వంగును. కన్నులు మూసికొని పరుండిన రోగి, పోగు తగిలిన ప్రతిమారును తగిలినదని చెప్పవలెను.